అందరికంటే ముందు తినడం

ఆ రోజు మా తమ్ముడు నాగాయలంక నుంచి చేపలు తెచ్చాడు. పులుసు పెట్టాను. రెండో ముద్ద గొంతు దిగి రొమ్ము మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. మంచినీళ్ళు తాగితే అవి కూడా ముద్ద మీద ఆగి, కాసేపటికి గుడగుడమంటూ దిగాయి. ముల్లు గుచ్చుకుందనుకున్నాను.

మా పుట్టింటివాళ్ళది చేపల వ్యాపారం. మాటలు సరిగ్గా రాకముందే నాలుకతో ముల్లు వేరుచేసి ఊసెయ్యడం వచ్చేస్తుంది మాకు. అలాంటిదాన్ని ముల్లు గుచ్చుకుందని చెప్తే మా తమ్ముడు ఊరంతా చెప్పి నవ్వుతాడు. అందుకని ఎవరికీ చెప్పలేదు. ముల్లు దిగాలంటే ఉత్త అన్నం ముద్ద నమలకుండా మింగాలంటారు. మింగాను. అరటిపండు మింగాను. ఒక్కోసారి దిగేది, ఒక్కోసారి పెరట్లోకి పరిగెత్తి కక్కేసేదాన్ని. ముల్లు అన్ని వారాలు ఉంటుందా అన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఇల్లు నడిపే ఆడవాళ్ళకి తమ ఒంటి సంగతి ఎప్పుడూ తర్వాతే కదా.

అన్నం మజ్జిగన్నమైంది, మజ్జిగన్నం జావ అయింది. చివరికి మా అమ్మాయి పట్టుకుంది. "అమ్మా, జాకెట్లన్నీ వదులైపోయాయి చూసుకున్నావా? నువ్వు పళ్ళెంలో అన్నం పెట్టుకోగా చూసి ఎన్నాళ్ళయింది?" అని నిలదీసింది. వాళ్ళ నాన్నకి చెప్పింది. మా వారిది ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు ఉద్యోగం. ఆయన సెలవు పెట్టి నన్ను విజయవాడ తీసుకెళ్ళారు.

ఎండోస్కోపీ చేసిన డాక్టరుగారు, "గొట్టం కిందకి పోవట్లేదమ్మా, మధ్యలో గ్రోత్ ఉంది. బయాప్సీకి పంపిస్తున్నాను" అన్నారు. నేనింకా అమాయకంగా, "ముల్లు కనపడిందాండీ?" అని అడిగాను. ఆయన నా వంక కాకుండా మా వారి వంక చూశారు. అప్పుడే సగం అర్థమైంది. మిగతా సగం రిపోర్టు వచ్చాక తెలిసింది. ఈసోఫేగస్‌లో కాన్సర్. అంటే అన్నవాహికలో.

ముందు కీమో, రేడియేషన్ ఇచ్చారు. వారాల తరబడి బస్సులో వెళ్ళి రావడం. ఆ రోజుల గురించి ఎక్కువ రాయను. గొంతు కాలిపోయినట్టుండేది, ఉమ్మి మింగాలన్నా భయం వేసేది. స్కాన్ చూసి, గడ్డ తగ్గింది, ఇక సర్జరీ చేద్దామన్నారు. సర్జన్‌గారు తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

"జబ్బున్న గొట్టం తీసేస్తాం. మీ పొట్టనే సన్నగా గొట్టంలా చేసి, ఛాతీలోంచి పైకి తెచ్చి, మెడ దగ్గర కలుపుతాం."

"మరి పొట్ట ఎక్కడుంటుందండీ?"

"ఇక విడిగా పొట్టంటూ ఉండదమ్మా. ఆ గొట్టమే మీకు పొట్ట."

సరేనని తలూపాను. ఆ మాటకి అర్థం ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

ఆపరేషన్ చాలాసేపు పట్టిందట. ఐసీయూలో కళ్ళు తెరిచేసరికి ఒంటినిండా గొట్టాలే. ఒక్కొక్కటీ తీసేశారు గానీ, కడుపుకి ఎడమ పక్కన పెట్టిన ఫీడింగ్ ట్యూబ్ మాత్రం నాతో ఇంటికొచ్చింది. నోటితో తినేది సరిపోదని దాంట్లోంచి పాలలాంటి మందు నేరుగా పేగులోకి ఎక్కించేవాళ్ళు. దాని చుట్టూ చర్మం ఒరుసుకుపోయి మండేది. పక్కలోంచి కారి బట్టలు పాడయ్యేవి, వాసన వచ్చేది. చీర కుచ్చిళ్ళు దోపుకోవడానికి లేదు, నైటీతోనే ఉండాలి. ఎవరైనా చూడ్డానికి వస్తే దుప్పటి కప్పుకుని, ముందా వాసన వాళ్ళకి తగులుతోందేమోనని చూసుకునేదాన్ని. కాన్సర్‌కి ఏడవలేదు గానీ ఆ ట్యూబ్‌కి ఏడ్చాను. అది తీసేసిన రోజు, చచ్చినా దీన్ని మళ్ళీ పెట్టించుకోనని మా అమ్మాయితో అన్నాను.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. ఆపరేషన్ అయిపోయింది కదా, ఇక కోలుకోవడమేనని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మూడో నెలలో మళ్ళీ మింగుడు పడలేదు. జబ్బు తిరగబెట్టిందని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళాం. "కలిపిన చోట సన్నబడింది, అంతే. స్ట్రిక్చర్ అంటాం. డైలటేషన్ చేస్తే సరిపోతుంది" అన్నారు డాక్టరుగారు. లోపలికి బెలూన్ పంపి వెడల్పు చేశారు. కొన్ని వారాల తర్వాత ఇంకోసారి చేశారు. మింగడం కుదుటపడింది. అయితే మింగినది లోపల నిలవడం వేరే సంగతని అప్పుడు తెలిసింది.

ఓ రోజు ఎదురింటి రాజేశ్వరిగారు చూడ్డానికి వచ్చారు. మంచి మనిషి. నా మొహం చూసి, "అయ్యో, ఎంత నీరసంగా ఉన్నావమ్మా" అంటూ తను తెచ్చిన గ్లూకోజ్ పొడి నిమ్మకాయ నీళ్ళలో కలిపి పెద్ద గ్లాసుడు తాగించారు. పావుగంటలో గుండె దడదడ కొట్టుకుంది. చెమటలు పట్టేశాయి, కడుపులో మెలిపెట్టింది, బాత్‌రూమ్‌కి పరుగు. వచ్చి గోడకి జారగిలబడితే ఆవిడ, "నీరసం బాగా ఎక్కువైంది" అని ఇంకో గ్లాసు కలిపారు. అదీ తాగాను. పెద్దావిడ ప్రేమగా ఇస్తుంటే ఎలా కాదంటాం? ఆ సాయంత్రం దాకా మనిషిని కాలేకపోయాను. తర్వాత డాక్టరుగారు, "దీన్నే డంపింగ్ సిండ్రోమ్ అంటారమ్మా. పొట్టలో ఆగాల్సింది ఆగకుండా పేగుల్లో పడిపోతుంది. తీపి అసలు వద్దు" అన్నారు. ప్రేమను ఎలా ఆపాలో మాత్రం ఆయన చెప్పలేదు.

రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినాలి, బాగా నమలాలి, తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక పడుకోకూడదు, పడుకున్నా తల ఎత్తులో ఉండాలి. ఇవన్నీ డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. మా వారు మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టారు. నీళ్ళ సంగతి నేను చూసుకున్నాను. ఆరుసార్లు తినడం దగ్గరే వచ్చింది చిక్కు.

మీలో ఆడవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో నేను ఆఖర్న తింటాను. ఎవరూ పెట్టిన రూలు కాదు. షిఫ్టు ఉద్యోగి ఇంట్లో ఒకరికి క్యారేజీ కట్టాలి, ఒకరు డ్యూటీ దిగి వస్తారు, అమ్మాయికి కాలేజీ బస్సు, అత్తయ్యకి ముద్దపప్పు మెత్తగా ఉండాలి. అందరూ అయ్యాక గిన్నెల్లో ఏముందో చూసుకుని ఓ పళ్ళెంలో పెట్టుకుని తినేస్తే నా భోజనం అయినట్టు. కాస్త లేచి తిరగగానే వంటింట్లోకి వచ్చేశాను, దాంతోపాటు ఆ పద్ధతీ వచ్చేసింది. పైగా ఈ ఆపరేషన్ అయ్యాక నాకు ఆకలనేది తెలియడం మానేసింది. ఆకలేస్తే కనీసం ఆ వంక పెట్టుకుని తినొచ్చు. ఆకలి లేనిదాన్ని, రాత్రంతా డ్యూటీ చేసి వచ్చే మనిషి ఇంకా ఇంటికి చేరకముందే పళ్ళెం ముందేసుకుని ఎలా కూర్చోను?

అందుకని మధ్యాహ్నం ఎప్పుడో అన్నీ కలిపి ఒకేసారి తినేదాన్ని. వెంటనే దడ, చెమటలు, నడుం వాల్చితే నోట్లోకి చేదు. మర్నాడు ఆ భయంతో ఇంకాస్త తగ్గించి తినేదాన్ని. మా వారు ఎక్కడున్నా ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగేవారు. "ఆ, అయింది" అనేదాన్ని. ఆ జవాబు నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తిన్నా అదే, తినకపోయినా అదే.

తర్వాతి చెకప్‌లో బరువు చూసి డాక్టరుగారు కళ్ళజోడు తీసేశారు. "ఏమండీ, మీ ఇంట్లో ఈవిడకి తిండి పెట్టట్లేదా?" అని మా వారిని అడిగారు. నవ్వుతూనే అడిగారు గానీ మా వారి మొహం మాడిపోయింది. "ఇంకో రెండు కిలోలు తగ్గితే ఫీడింగ్ ట్యూబ్ మళ్ళీ పెట్టక తప్పదమ్మా" అన్నారు. అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాను.

ఇబ్రహీంపట్నంలో బస్సు దిగేదాకా మా వారు ఆపుకున్నారు. ఇంట్లో అడుగు పెట్టాక అరిచారు.

"రోజూ అడుగుతూనే ఉన్నాగా, తిన్నావా అని! తిన్నానంటివిగా!"

"తిన్నానండీ."

"ఎప్పుడు తిన్నావ్?"

"మీరంతా తిన్నాక."

"అందరూ తినేసరికి ఏ వేళవుతోంది? డాక్టరు ఏం చెప్పాడు, నువ్వేం చేస్తున్నావ్? నాకెట్లా తెలుస్తుంది లక్ష్మీ?"

నిజంగానే ఆయనకి తెలియదు. మా పెళ్ళయి పాతికేళ్ళు కావస్తోంది. నేను ఎప్పుడు తింటానో, ఏం తింటానో ఆయన ఎన్నడూ చూడలేదు. నేనూ చూడనివ్వలేదు. అత్తయ్య హాల్లో కుర్చీలో కూర్చుని అంతా విన్నారు.

అత్తయ్యకి డెబ్భై దాటాయి. మామయ్యగారు ఉన్నన్నాళ్ళూ ఆయన తినకుండా ఆవిడ మెతుకు ముట్టలేదని చుట్టాలంతా గొప్పగా చెప్పుకుంటారు. ఆయన పోయాక కొడుకు కోసం ఎదురుచూసేవారు. నైట్ షిఫ్టు అయితే మా వారు వచ్చేదాకా కాఫీతోనే ఉండేవారు. ఆ గొడవైన మర్నాడు పొద్దున్నే, మా వారింకా నైట్ డ్యూటీలో ఉండగా, అత్తయ్య వంటింట్లోకి వచ్చి, నేను ఇడ్లీ వాయి దించుతుంటే రెండు పళ్ళేలు తీసి బల్ల మీద పెట్టారు.

"కూర్చోవే."

"ఆయనింకా రాలేదు అత్తయ్యా."

"వస్తాడులే. దారి తెలుసుగా వాడికి. కూర్చో."

నేను నిలబడే ఉన్నాను. ఆవిడ ఇడ్లీ తుంపి, చట్నీలో అద్ది నోట్లో పెట్టుకున్నారు. మెల్లగా నమిలి మింగి, "నేను తినేశాగా. తప్పయితే ముందు నాదవుద్ది. ఇక నువ్వు తిను" అన్నారు.

ఒక ఇడ్లీ తినడానికి నాకు చాలాసేపు పట్టింది. సగంసేపు ఏడుపే. ఆవిడ ఓదార్చలేదు, తొందరపెట్టలేదు, నాదయ్యేదాకా లేవలేదు. మా వారు వచ్చేసరికి ఇద్దరి పళ్ళేలూ సింకులో ఉన్నాయి. ఆయన చూసి, చూడనట్టు స్నానానికి వెళ్ళిపోయారు.

అప్పట్నుంచి ఆరుసార్లూ ఆవిడ నాతోపాటు కూర్చున్నారు. మెత్తటి అన్నం నాలుగు ముద్దలు, ఓసారి గుడ్డు, ఓసారి మా తమ్ముడు పంపిన కొరమీను ఉడికించి ముళ్ళు తీసిన ముక్క, ఓసారి పెసరట్టు. పది రోజులకే తేడా తెలిసింది, కాకపోతే ఆవిడలో. "నీ రోగం పుణ్యమా అని నేను లావెక్కుతున్నానే, నువ్వు చూస్తే అట్టాగే ఉన్నావు" అని విసుక్కున్నారు. తర్వాత మెల్లగా నా బరువు తగ్గడం ఆగింది. ఆ తర్వాత కొద్దిగా పెరిగింది. డాక్టరుగారు ట్యూబ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఓసారి విజయవాడ వన్ టౌన్‌లో బంధువుల ఇంట్లో ఫంక్షన్‌కి వెళ్ళాం. నేను తినే వేళ దాటిపోతోంది. అత్తయ్య నేరుగా వడ్డించేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మా కోడలికి ముందు పెట్టండి" అన్నారు. "మగవాళ్ళ పంక్తి ఇంకా లేవలేదు పిన్నీ" అంది ఒకామె. "లేవకపోతే లేవకపోనీ. మా కోడలికి పొట్ట లేదు" అన్నారు ఆవిడ, హాలంతా వినపడేట్టు. వెంటనే నాకు విస్తరి వేశారు. నాకు తలెత్తడానికి సిగ్గేసింది. తలొంచుకునే తిన్నాను.

ఇప్పుడు ఎలా ఉన్నానంటే, అలిసిపోయి ఉన్నాను. స్కాన్‌లు శుభ్రంగానే వస్తున్నాయి. అయినా ఒక్కోరోజు ఏం తిన్నా దడ వస్తుంది, ఎందుకో తెలియదు. ఇటుకల మీది మంచం మీంచి జారుతూనే నిద్రపోతాను. పెళ్ళి భోజనం, గ్లాసుడు చెరుకురసం, ఆకలి, ఇవేవీ ఇక నాకు లేవు. గడియారం చూసి తింటాను, బస్సు టైము చూసుకున్నట్టు. బాగయిపోయిందా అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నవ్వుతాను.

కిందటి నెల అత్తయ్య కూతురింటికి మచిలీపట్నం వెళ్ళారు. మొదటిరోజే నా పాత బుద్ధి వచ్చేసింది. ఉప్మా చేసి మూతపెట్టి, ఆయన వచ్చాక తిందాంలే అని గుమ్మంలో నిలబడ్డాను. మా వారు నైట్ డ్యూటీ దిగి వచ్చారు. చెయ్యి కడుక్కుని, నా పళ్ళెంలో ఉప్మా పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని ఖాళీ చేతులతో కూర్చున్నారు. "మీరూ పెట్టుకోండి" అంటే, "నీదయ్యాక" అన్నారు. కళ్ళు నిద్రకి మూతలు పడుతున్నాయి, అయినా లేవలేదు. ఇన్నేళ్ళకి నేను తింటుంటే ఆయన చూడటం అదే మొదటిసారి. కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ తిన్నాను.

ఈ ఆపరేషన్ అయినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, అందులోనూ ఆడమనిషైతే, ఒక్కటే చెప్తాను. "తిన్నావా?" అని అడగకండి. మేం "ఆ" అంటాం. వేళకి పళ్ళెం పెట్టి, ఎదురుగా కూర్చోండి. మేం తినడం అయ్యేదాకా లేవకండి.