పైన్ క్రీక్‌లో కలిసి తిన్న రొట్టె

ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న డార్విన్‌లో మా పక్కింటి విశాలాక్షి ఆంటీ ఇరవై ఏళ్లు ఇక్కడి స్కూల్లో ఇంగ్లీషు చెప్పి మొన్ననే రిటైరయ్యారు. ఇన్నేళ్లుండీ నిట్మిలుక్ లోయ చూడలేదంటే నాకే చిన్నతనంగా అనిపించింది. లోయలో తిప్పి చూపించే పదకొండింటి పడవకు రెండు టికెట్లు తీశాను. అదే నా కొంప ముంచింది.

వానల్లేని కాలం కాబట్టి రోడ్డు బాగుంది. కేథరిన్ ఊరు మూడువందల ఇరవై కిలోమీటర్లు, అక్కడినుంచి లోయకు ఇంకో ముప్పై. పొద్దున్నే ఆరున్నరకు బయల్దేరాం. ఆంటీ అప్పటికే ఇన్సులిన్ వేసుకుని, ఇడ్లీల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దారిలో అడిలైడ్ రివర్ అనే ఊళ్లో టిఫినుకు ఆపాల్సింది, కానీ పడవ తప్పిపోతుందని ఆపలేదు.

"మీరు తినేయండి ఆంటీ, నేను కేథరిన్‌లో తింటా."

"నువ్వు ఖాళీ కడుపుతో డ్రైవ్ చేస్తుంటే నాకు ముద్ద దిగుతుందా? కలిసే తిందాంలే."

మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ అదే జవాబు. తొమ్మిది కావస్తుండగా ఏదో అడిగితే పొంతన లేకుండా మాట్లాడారు. చూస్తే ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. ఇన్సులిన్ వేసుకుని ఏమీ తినకపోవడంతో షుగర్ పడిపోయిందని అర్థమైంది. అదృష్టం, పైన్ క్రీక్ ఊరు రెండు నిమిషాల దూరంలో ఉంది. రోడ్డు పక్క హోటల్లోకి పరిగెత్తి జ్యూస్ తెచ్చి తాగించాను. వంటామె నా వెనకే వచ్చి, "నో వర్రీస్, టోస్ట్ తెస్తాను" అంది.

పావుగంటకు ఆంటీ మొహం తేటపడింది. మెల్లగా హోటల్లోకి నడిపించుకెళ్లి, ఎదురు కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు మొదలైంది పాఠం.

"కంపానియన్ అంటే తెలుసా రవీ? లాటిన్‌లో రొట్టె కలిసి తినేవాడని. మన సావాసం అన్న మాట కలిసి ఉండడం దగ్గర ఆగింది, వాళ్లది నోటిదాకా వెళ్లింది."

"ముందు ఆ రొట్టె తినండి మేడమ్" అన్నాను. నవ్వారు. ఇద్దరం టోస్టూ, ఇడ్లీలూ పూర్తిగా తిన్నాం. పదకొండింటి పడవ వెళ్లిపోయింది, ఒంటిగంట పడవలో చోటిచ్చారు. ఎర్రటి కొండల మధ్య ఆంటీ చిన్నపిల్లలా ఫోటోలు తీయించుకున్నారు.

మర్యాదగా తినమన్నాను కదా అని దారంతా నిశ్చింతగా ఉన్నాను. నేను చేసిందల్లా ఆమె పక్కన స్టీరింగ్ పట్టుకోవడమే. నేను తినందే తిననని ఆగిన ఆమె ఒక్కరే నిజంగా నాకు తోడుగా ప్రయాణం చేశారు.

ఒక్క చిట్కా: షుగరున్న మన పెద్దవాళ్లతో దూరం వెళ్తే "మీరు తినండి" అనకండి. బండి ఆపి, మీరు తినడం మొదలుపెట్టండి.