పెట్టె ఒకరికి, టీవీ ఒకరికి

ఆ కంప్యూటర్‌లో ఏమేం ఉండాలో రాసుకున్న కాగితాన్ని నేనూ అన్నయ్యా దాదాపు ఏడాది పాటు కొట్టేస్తూ, దిద్దుతూ, మళ్ళీ రాస్తూ వచ్చాం. అన్నయ్య అంటే మా పెదనాన్న కొడుకు. జగ్గయ్యపేటలో మాది ఉమ్మడి కుటుంబం. వీధి వైపు కిరాణా హోల్‌సేల్ కొట్టు, వెనక ఇల్లు, రెండు కుటుంబాలకీ కలిపి ఒకటే వంట. పెదనాన్న కొట్లో కూర్చునేవాడు, నాన్న సరుకు కోసం ఊళ్ళు తిరిగేవాడు. అన్నయ్య అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం, నేను ఇంటర్. రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయింది.

ఇంట్లో మాత్రం చదువుకోసమనే చెప్పాం. చదువు అంటే మా ఇంట్లో ఎవరూ కాదనేవారు కాదు, ఎందుకంటే ఎవరూ పెద్దగా చదవలేదు. నిజానికి మాకు కావలసింది ఆటలు. బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. కాలేజీ ఎగ్గొట్టి అక్కడ కూర్చునేవాళ్ళం. అక్కడున్నవి పాత మిషన్లు. ఆటలో కారు మలుపు తిరిగే చోట బొమ్మ ఆగిపోయి, ఒక్కసారిగా ముందుకు దూకేది. అలా అరగంట చూస్తే నాకు కళ్ళు తిరిగేవి. ఒకరోజు బయటకొచ్చి కాలవ పక్కన వాంతి చేసుకున్నాను. అన్నయ్య నా వీపు రాస్తూ, "మనం కొనేదాంట్లో ఇలా ఉండదురా, నేను చూసుకుంటా" అన్నాడు.

ఆ రోజు నుంచి అన్నయ్యకి, బొమ్మని ఆగకుండా కదిలించే గ్రాఫిక్స్ కార్డు పిచ్చి పట్టుకుంది. బెజవాడ నుంచి పాత కంప్యూటర్ పత్రికలు తెప్పించి, ముఖం చిట్లించుకుంటూ ఆ ఇంగ్లీషంతా చదివేవాడు. నాకు మాత్రం పెద్ద మానిటర్ కావాలి. పదిహేడంగుళాలది. మా ఇంటికొచ్చిన ప్రతివాడూ నోరు తెరవాలి, అంతే నా ఆశ. కాగితం మీద నేను మానిటర్ పెంచితే వాడు కార్డు పెంచేవాడు. పెదనాన్న ఇస్తానన్న డబ్బులో రెండూ రావు. నేను రెండ్రోజులు వాడితో మాట్లాడటం మానేశాను. అలగడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా చేతనవును.

"బొమ్మ ఎంత పెద్దదైతే ఏం లాభంరా, ఆగి ఆగి కదిలితే నీకే కదా కళ్ళు తిరిగేది," అన్నాడు చివరికి. డిగ్రీ మొదటి సంవత్సరం పాసైతే కొనిస్తామన్న వాచీ వద్దని పెదనాన్నతో చెప్పి, ఆ డబ్బు కూడా ఇందులో కలిపించాడు. నాకు చెప్పలేదు. నాయనమ్మ చెబితే తెలిసింది. తెలిశాక కూడా నేను మానిటర్ తగ్గించుకోవడానికి ఒక వారం తీసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

నందిగామలో పాత బస్టాండు దగ్గర మేడ మీద ఒకాయన కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు. బెజవాడ నుంచి విడిభాగాలు తెచ్చి, మన కళ్ళ ముందే బల్ల మీద పరిచి బిగించేవాడు. చిల్లకల్లు దాకా వెళ్ళి హైవే ఎక్కి, పెదనాన్నా మేమిద్దరం బస్సులో వెళ్ళాం. కందిపప్పు పంటికింద కొరికి ఏ ఊరి పంటో చెప్పే మనిషి మా పెదనాన్న. కళ్ళతో చూసి ఏదీ కొనడు. అక్కడ కొరకడానికి ఏమీ లేకపోయేసరికి క్యాబినెట్లు ఒక్కొక్కటీ ఎత్తి బరువు చూశాడు, వేళ్ళతో తట్టాడు. అన్నింటికంటే బరువైన నల్లదాన్ని పక్కన పెట్టించాడు.

"కొట్లో పెడతారా, ఇంట్లోనా?" అని అడిగాడు షాపాయన.

"కొట్టు వెనకాలేనండి," అన్నాడు అన్నయ్య.

"మిరప బస్తాలుంటాయి కదండీ. ఘాటూ దుమ్మూ లోపలికి లాగేస్తుంది. ఫ్యాను ఇంకోటి వేయిస్తారా?"

"ఇంకో ఫ్యానేస్తే ఇంకాస్త కారం లాగుతుందయ్యా," అన్నాడు పెదనాన్న. షాపాయన నవ్వాడు. మేం కొనాల్సిన సామాన్లలో పెదనాన్న గెలిచింది ఆ నల్ల పెట్టె దగ్గరా, ఈ ఫ్యాను దగ్గరా మాత్రమే. మిగతావన్నీ మా కాగితంలో ఉన్నట్టే తీసుకున్నాం. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, హార్డ్‌డిస్క్. కార్డు చివర్లో బిగించారు. అరచేతి కంటే కొంచెం పెద్దది, ఆకుపచ్చది, పైన చిన్న ఫ్యాను. అన్నయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని షాపాయనకి అందించాడు. "మా తమ్ముడికి బొమ్మ ఆగితే కళ్ళు తిరుగుతాయండి, అందుకని," అని అడగకపోయినా చెప్పాడు.

ఇంటికి తెచ్చాక నాయనమ్మ పెట్టెకీ మానిటర్‌కీ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ తర్వాత పది నెలలు మేం ఆడిన ఆట ఒకటే. తుపాకీ పట్టుకుని పాడుబడిన కోటలో తిరిగే ఆట. ఒక మనిషి ఆడాల్సిన దాన్ని మేం ఇద్దరం ఆడేవాళ్ళం. అన్నయ్య కీబోర్డు మీద నడిపించేవాడు, నేను మౌస్‌తో గురి చూసి కాల్చేవాణ్ణి. కొట్లో నుంచి మిరప ఘాటు కొడితే ఇద్దరం ఒకేసారి తుమ్మేవాళ్ళం. తుమ్మినప్పుడల్లా ఆటలో మా మనిషి చచ్చిపోయేవాడు. నా జీవితంలో అంత నవ్విన రోజులు మళ్ళీ రాలేదు.

ఆ నవ్వులు నడుస్తుండగానే నాన్నకీ పెదనాన్నకీ మాటలు ఆగిపోయాయి. ఎందుకో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఒకరోజు పొయ్యిలు రెండయ్యాయి. నెల తిరక్కముందే ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కొట్లో చాప మీద కూర్చున్నారు. ఇద్దరూ మాకు దూరపు చుట్టాలే. ఊళ్ళో ఎవరు వేరుపడినా వాళ్ళే వాటాలు వేసేవాళ్ళు. ఉన్న ప్రతి వస్తువునీ జతచేసి రెండు వాటాలుగా రాసి, చీట్లు చుట్టి ఇత్తడి చెంబులో వేశారు. తీసేది నాయనమ్మ. తన ఇద్దరు కొడుకుల మధ్య చీటీలు తీస్తూ ఆవిడ ఎవరి ముఖమూ చూడలేదు.

కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి పెద్దమనిషి, "టీవీ ఒకరికి, పెట్టె ఒకరికి. జత సరిపోయింది," అని రాసేశాడు. మానిటర్ ఆయన కళ్ళకి టీవీయే.

"మామయ్యా, రెండూ కలిస్తేనే పనిచేస్తదండీ. విడదీస్తే రెండూ వేస్టే," అన్నాడు అన్నయ్య.

"కాటా మీ నాన్నకొచ్చింది, రాళ్ళు మీ బాబాయికొచ్చినయి. అవి మాత్రం కలవకుండా తూస్తయ్యా? లేనిది ఎవరికి వాళ్ళు కొనుక్కోండి," అన్నాడాయన.

మా నాన్న గానీ, పెదనాన్న గానీ ఒక్క మాట అని ఉంటే ఆ కంప్యూటర్ ఎవరో ఒకరి దగ్గర నిండుగా ఉండేది. ఇద్దరూ నేల చూపులు చూశారు. మానిటర్ మాకు వచ్చింది, పెట్టె వాళ్ళకి వెళ్ళింది.

మేం నందిగామ వెళ్ళిపోతున్నామని అప్పటికే ఖాయమైంది. నాన్న అక్కడ కొట్టు అద్దెకి మాట్లాడుకున్నాడు. మధ్యాహ్నం అందరూ గోడౌన్లో బస్తాలు చూడటానికి వెళ్ళారు. సామాను సర్దమని నన్ను ఇంట్లో ఉంచారు. నేను స్క్రూడ్రైవర్ తీసుకుని పెట్టె పక్క మూత విప్పాను. కార్డు ఊడదీసి, అమ్మ పాత జాకెట్టు గుడ్డలో చుట్టి నా బ్యాగులో పుస్తకాల మధ్య పెట్టుకున్నాను. మూత మళ్ళీ బిగించాను. అన్నయ్య నాకోసమే కొన్నాడు కాబట్టి నాదే అనుకున్నాను. అసలు సంగతి అది కాదు. పెట్టె వాళ్ళకి పోయిందని నాకు మండిపోతోంది. అన్నయ్య ఆడుకుంటాడు, నేను ఆడుకోను అన్న ఏడుపు. అంతకు మించి ఏమీ లేదు.

కాసేపటికి అన్నయ్య వచ్చాడు. మానిటర్ రెండో వైపు తను పట్టుకున్నాడు. "మెల్లగా రా, వైరు తొక్కుతావ్," అంటూ వీధిలో ఆగిన వ్యాను దాకా నాతో మోసుకొచ్చాడు. తర్వాత లోపలికెళ్ళి, ఆట సీడీలన్నీ ఒక కవర్లో వేసి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాకెందుకురా, గురి చూడటం నాకు రాదుగా. నువ్వుంచుకో," అన్నాడు.

నేను బ్యాగు భుజానికి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. వ్యాను ఎక్కి కూర్చున్నాను.

నెల తర్వాత నందిగామలో షాపాయన రోడ్డు మీద కనపడి నన్ను ఆపాడు. "మీ అన్నయ్యా, పెదనాన్నా పెట్టె పట్టుకొచ్చారండీ, మానిటర్ కొనుక్కుని కలిపించుకుందామని. ఇప్పితే లోపల కార్డు లేదు. నేనే కదా బిగించింది! ఏమైందండీ అని అడిగా. మీ అన్నయ్య ఏమన్నాడో తెలుసా? 'మేమసలు కార్డు పెట్టించలేదండీ, మీరెవరిదో అనుకుంటున్నారు' అన్నాడు. మీ పెదనాన్నగారు కూడా, ఏదో ఆకుపచ్చది చూసినట్టు గుర్తురా అన్నారు. 'అది ర్యామ్ నాన్నా' అని ఆయన్ని కిందకి తీసుకెళ్ళిపోయాడు."

నా ముఖం చూస్తే షాపాయనకి సంగతి తెలిసిపోయి ఉంటుంది. కార్డు పోయిందని అన్నయ్య ఒక్క మాట అంటే, పెదనాన్న మళ్ళీ ఆ పెద్దమనుషుల్ని పిలిచేవాడు. మా నాన్న నలుగురిలో దొంగ కొడుకు తండ్రిగా నిలబడేవాడు. అంత దూరం ఆలోచించి అన్నయ్య అబద్ధమాడాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా ఆ వారం వెళ్ళలేదు, ఆ నెల వెళ్ళలేదు. రెండు ఇళ్ళ మధ్య మాటలు లేవన్నది నాకు మంచి సాకు అయ్యింది.

కొత్త కొట్టు నిలదొక్కుకునేదాకా నాన్న కంప్యూటర్ ఊసెత్తలేదు. మానిటర్ దుప్పటి కప్పుకుని మూల కూర్చుంది. నాలుగేళ్ళకి ఒక పెట్టె బిగించుకునే వీలు దొరికింది. మళ్ళీ ఆ షాపాయన దగ్గరికే వెళ్ళి, దాచుకున్న కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు. "ఇది గుచ్చే స్లాటున్న బోర్డులు ఇప్పుడు రావట్లేదండి. ఇది కొత్తవాటికి పట్టదు," అన్నాడు. దొంగిలించిన దాన్ని ఒక్కరోజైనా వాడుకోలేదు నేను.

ఆ కార్డు పట్టే పెట్టె నాకు తెలిసి ఒక్కటే ఉంది. మర్నాడు పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో లోలోపల వల్లె వేసుకున్నాను. తిడితే పడాలనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. తిట్టాక మాట్లాడతాడు. మాట్లాడితే చాలు.

కొట్లో పెదనాన్న లేడు, గల్లా దగ్గర అన్నయ్య కూర్చున్నాడు. ఒళ్ళు చేశాడు. మేం వెళ్ళని పెళ్ళి ఒకటి అయ్యింది. లోపలి నుంచి వాళ్ళావిడ, "ఎవరండీ?" అంటే, "మా బాబాయిగారబ్బాయి. కాఫీ పెట్టు," అన్నాడు. నాన్న ఆరోగ్యం అడిగాడు, నందిగామలో బేరాలెలా ఉన్నాయని అడిగాడు. అతని పక్కన, చెక్క స్టూలు మీద ఆ నల్ల పెట్టె ఉంది. ఆటలకే గానీ బిల్లులకి కార్డు అక్కర్లేదు, బిల్లులు కొట్టడానికి వాడుతున్నారు. వేడెక్కుతుందని కాబోలు, పక్క మూత తీసేసి ఉంది. కార్డు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. దాని మీద ఎర్రటి కారం దుమ్ము పేరుకుంది.

నేను గుడ్డ విప్పి కార్డు గల్లా మీద పెట్టాను. "అన్నయ్యా, ఆ రోజు..." అన్నాను.

అన్నయ్య దానివైపు చూశాడు. చెయ్యి చాపుతాడనుకున్నాను. అప్పుడు ఎప్పటిలాంటి మామూలు గొంతుతోనే, "ఏంటిది?" అన్నాడు.

"మన కార్డు అన్నయ్యా."

"మనం కార్డేం పెట్టించలేదుగా. నువ్వెవరిదో అనుకుంటున్నావు."

పక్కన పెదనాన్న లేడు, షాపాయన లేడు. ఎవరి పరువూ కాపాడాల్సిన పని లేదు. అయినా అదే మాట. ఈసారి అది నన్ను బయటికి పంపించడానికని అర్థమైంది. ఈలోగా కాఫీ వచ్చింది. తాగాను. అన్నయ్య గుడ్డ అంచులు రెండూ జాగ్రత్తగా మడిచి, కార్డుని నా వైపు జరిపాడు.

"మర్చిపోకుండా పట్టుకెళ్ళు," అని, గుమ్మంలో నిలబడ్డ బేరగాడి వైపు తిరిగి, "ఏం కావాలండీ?" అన్నాడు.