అరిగిపోయిన ముక్కు

విసుగొస్తోంది నాకు నామీదే. ఇరవై ఏళ్లుగా ఒక్క చిన్న అబద్ధాన్ని మోస్తున్నాను, అది ఇసుమంత కూడా తేలికపడలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను పాల్వంచ దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. రాజయ్య అనే రైతు తన చేలో బావి తవ్వుతుంటే దొరికిందని ఒక వెండి నాణెం తెచ్చి చూపించాడు. అతని కూతురు లచ్చిమి నా క్లాసులోనే చదివేది. నాణెం నల్లబడి ఉంది. ఆ నలుపు కింద పక్కకు తిరిగిన ఒక ముఖం. వంపు తిరిగిన ముక్కు, తలకు ఆకుల దండ, చుట్టూ మనవి కాని అక్షరాలు. రోము రాజులదని పుస్తకంలో బొమ్మ చూసి పోల్చుకున్నాను. బ్లాక్‌బోర్డు నిండా గీసినా నాకు కుదరని ముఖాన్ని ఎవరో దాదాపు రెండు వేల ఏళ్ల కిందట బొటనవేలి గోరంత బిళ్ల మీద చెక్కాడు!

హైదరాబాదుకు ఉత్తరం రాశాను. పాత నాణేలు చదివే అధికారి వస్తానన్నాడు. అందాకా నా దగ్గర ఉంచమన్నాను. ఇస్తూ రాజయ్య అన్నాడు:

"సారూ, దీన్ని తోమకుండ్రి. నేనైతే గుడ్డతోని గూడ తుడ్వలే. ముసలాయన మొకం, తోలు ఊడొస్తదేమో."

నవ్వాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ ముఖాన్ని గీద్దామని కూర్చున్నాను. కన్ను స్పష్టంగా కనబడలేదు. చింతపండుతో రుద్దాను. తర్వాత బూడిదతో. తర్వాత, ఎందుకు ఆగలేదో ఇప్పటికీ తెలియదు, పెన్సిల్ మొనలు నూరే గరుకు కాగితంతో. మెరిసింది. మెరుస్తోంది కదా అని ఇంకా రుద్దాను. చూస్తే ముక్కు లేదు, అక్షరాల్లో సగం లేవు. చెయ్యి తేలిగ్గా ఆడించండని పిల్లలకు రోజూ చెప్పేవాణ్ణి, నా చేతికి ఆ మాత్రం తెలియదా?

అధికారి వచ్చాడు. హెడ్మాస్టరు గదిలో భూతద్దం పెట్టి చూసి తల కొట్టుకున్నాడు. "అక్షరాలుంటే ఏ రాజుదో చెప్పేవాణ్ణి. ఎవరు రుద్దారు దీన్ని?"

"ఇది దొరికినాయనే సార్. తెల్వక తోమిండు," అన్నాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ రాజయ్య నావైపు చూశాడు. కాదంటాడని ఎదురుచూశాను.

"అవ్ సార్. నేనే తోమిన."

అధికారి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు, రాజయ్యే తోమాడని కాగితం మీద రాసుకున్నాడు. ఊళ్లో కొన్నాళ్లు అందరూ ఆయన్ని చూసి నవ్వారు.

ఎందుకు ఒప్పుకున్నావయ్యా? నీ బిడ్డ నా క్లాసులో ఉందనా? సారు పరువు పోతుందనా? ఆ రోజే కాదని అరిచి ఉంటే నేనూ బయటపడేవాణ్ణి కదా! చూశారా, ఇప్పుడు కూడా తప్పు ఆయన మీదికే నెడుతున్నాను. ఈ బుద్ధితోనే నాకు విసుగు.

వారం తర్వాత లచ్చిమి డ్రాయింగ్ పుస్తకం చేతికిస్తూ మెల్లగా అడిగింది. "సార్, మా నాయన తోమలే గదా?"

"పోయి నీ పని చూస్కో," అన్నాను. ఆ పిల్ల మళ్లీ నన్ను ఏదీ అడగలేదు.

పోయిన ఏడు రాజయ్య చనిపోయాడని తెలిసింది. లచ్చిమి సత్తుపల్లిలో ఉంటుందట. వెళ్లలేదు. వెళ్లి ఏమని నిలబడను? క్షమించమంటే ఆమె మీద ఇంకో బరువు పెట్టడమే. అందుకే ఇక్కడ, సాకులు కలపకుండా రాస్తున్నాను. రాజయ్య ఆ నాణేన్ని తోమలేదు. రుద్దింది నేను. అబద్ధం చెప్పిందీ నేనే.