తిమోతి వేసుకెళ్లే చెప్పులు

మా తిమోతికి ఒకటే జబ్బు. ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం గుమ్మంలో తన చెప్పులు తప్ప ఇంకెవరివైనా వేసుకుని వెళ్లిపోతాడు. ఇంకెవరివైనా అంటే, నావే.

నేనేమీ సామాన్యుణ్ని కాను. సదుం బడిలో పరుగుపందెం ఫస్టు నాదే. ఆరోజు పరిగెత్తింది ఇద్దరమేనన్న సంగతి అడిగినవాళ్లకే చెబుతాను. వేరుశనక్కాయల మూట నెత్తిన పెట్టుకుని పుంగనూరు సంతకు నడిచిన మనిషిని. అంతటి నేను పోయిన ఏడాది మదనపల్లెలో మా ఇంటి బాత్రూములో జారిపడ్డాను. విరిగిన తుంటి ఎముక అతుక్కుంది. రోజూ కాస్తయినా నడవకపోతే ఇక మంచమే గతి అన్నాడు డాక్టరు. కానీ ఫస్టు వచ్చినవాడు కర్ర పట్టుకుంటే చూసేవాళ్లేమనుకుంటారు? మందిరానికి కూడా ఆటోలోనే వెళ్లేవాణ్ని.

సరిగ్గా అప్పుడే తిమోతికి ఈ జబ్బు పట్టుకుంది. ఆయనవి పడవల్లాంటి పాదాలు. నా చెప్పుల్లోంచి మడమలు బయటికి వేలాడుతున్నా హాయిగా వెళ్లిపోయేవాడు. ఆయన ఇల్లున్న సందులోకి ఆటో దూరదు.

"ఇడిసిపెట్టండి మామా, కొత్తవి కొనిస్తా" అంది కోడలు బీనా.

"చెప్పుల కోసం కాదమ్మా, న్యాయం కోసం" అని కర్ర అందుకున్నాను.

వెళ్లేసరికి తిమోతి అరుగు మీద రెండు గ్లాసుల కాఫీతో కూర్చుని ఉన్నాడు.

"నావే అనుకుంటినప్పా."

"కాలు సగం బయటుండాదే, తెలీలేదా?"

"ఎండకు కాళ్లు ఉబ్బినాయేమో అనుకుంటి."

వారం వారం ఇదే తంతు. మొదట్లో సందు మలుపులోనే ఆయాసమొచ్చి, దాచుకున్న తిట్లన్నీ మరిచిపోయేవాణ్ని. పోనుపోను ఒక్కటీ జారిపోకుండా ఆయన గడపదాకా చేరవేయగలిగాను. చివరికి చెప్పులకు కాపలా కాయాలని, ఆటో కోసం ఆగకుండా మందిరానికి నడిచే రావడం మొదలుపెట్టాను.

మొన్న ఆదివారం నా చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి. తిమోతి మాత్రం పక్కనున్న పూల చెప్పుల్లోకి నాలుగు వేళ్లు దూర్చి తంటాలు పడుతున్నాడు. అవి కృపమ్మవి. మోకాలి ఆపరేషనయ్యాక ఆవిడ కూడా ఆటోలోనే వచ్చి దిగుతోంది.

నాకు ఒళ్లు మండింది. "నావి ఈడుండాయి కదప్పా."

"నీవి నాకెందుకప్పా? నువ్వు ఆటో మానేస్తివి కదా" అన్నాడు, తలెత్తకుండా.

పందెం ఫస్టు వచ్చిన బుర్రకు అప్పటిగ్గాని వెలగలేదు. నేను తేరుకునేలోగా తిమోతి కుంటుకుంటూ వీధి మలుపు తిరిగిపోయాడు.

వెనకనుంచి కృపమ్మ గొంతు. "నా చెప్పులు యాడప్పా?"

"తిమోతి ఏసుకుని పాయ" అన్నాను. "ఆయనవి తొడుక్కోమ్మా, నిదానంగా పోదాం. ఏమేం తిట్టాల్నో దోవలో నేను సెప్తా."