మొదటి బల్ల దగ్గర పెట్టిన సంతకం

ఆ రోజు పొద్దున్న నేను చేపలు అమ్మలేదు. ఇరవై ఏళ్ళుగా కళింగపట్నం ఒడ్డున వేలం పాటలో చేపలు కొని, గంపకెత్తుకుని ఊళ్ళు తిరిగే మనిషిని. ఒంట్లో బాగుండి కూడా గంప బోర్లించి ఉంచిన రోజు నాకు గుర్తున్నంతలో అదొక్కటే. తలస్నానం చేసి, పెట్టె అడుగునున్న నీలం చీర కట్టుకుని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కాను. అక్కడ ఒక కాలేజీలో అప్రెంటిస్ మేళా పెట్టారు. కంపెనీల వాళ్ళు వచ్చి బల్లలు వేసుకుని కూర్చుంటారు. పదో తరగతి, ఐటిఐ చదివిన పిల్లల్ని పరీక్షించి, నచ్చిన వాళ్ళని ఏడాదిపాటు పనిలో పెట్టుకుని నేర్పుతారు. నేర్చుకునే రోజుల్లో కూడా నెలనెలా జీతంలాంటిది ఇస్తారు.

ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. సచివాలయం గోడకి కాగితం అంటిస్తే నేనే చదివాను. మూడేళ్ళ కిందటైతే ఆ గోడ పక్కనుంచి తల తిప్పకుండా వెళ్ళిపోయేదాన్ని. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ మా పేటలో ఆడవాళ్ళకి పెద్దగా పనుండదు. ఆ రోజుల్లో అంగన్‌వాడీ టీచరు తుఫాను షెల్టరులో మధ్యాహ్నాలు కూర్చోబెట్టి మాకు అక్షరాలు నేర్పింది. అప్పటికే నాకు నలభై దాటాయి. రెండు వేసవులు పట్టింది. ఇప్పుడు నెమ్మదిగానైనా ఏ తెలుగు కాగితమైనా చదవగలను, ఇలా నాలుగు మాటలు రాయగలను. ఆ రోజు గంప నెత్తిన పెట్టుకునే గోడ ముందు నిలబడి చివరిదాకా చదివాను. "పడవ ఇంజిన్ల మరమ్మతు" అన్న వరుసని రెండుసార్లు చదివి, ఇంటికి పరిగెత్తినట్టే నడిచాను. వెనక నించి ఎవరో "కవళ్ళ చేపలు ఉన్నాయేటే?" అని కేక వేసినా ఆగలేదు.

మా అమ్మాయికి పదిహేడేళ్ళు. పదో తరగతి అయ్యాక ఐటిఐలో డీజిల్ మెకానిక్ చేసింది. ఆ క్లాసులో ఆడపిల్ల అదొక్కతే. ఇంజిన్ల పిచ్చి దానికి మా తమ్ముడి దగ్గర పట్టుకుంది. వాళ్ళ నాన్న ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. మా తమ్ముడు మాత్రం ఇక్కడే ఫైబర్ బోటు వేసుకుని వేట చేస్తాడు. మాలో ఆడవాళ్ళు పడవెక్కరు, వల దాటరు. కానీ పడవ ఒడ్డుకి రాగానే మగవాళ్ళు ఇంజిను విప్పేసి, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేస్తారు. పాకలో ఒక కర్ర చట్రానికి తగిలించి మంచినీళ్ళతో ఉప్పు కడుగుతారు. అలా పడవెక్కే పని లేకుండానే మా పిల్లకి ఇంజిను చేతికందింది. మొదట కడగడం, తరవాత విప్పడం, ఆ తరవాత బిగించడం. పన్నెండేళ్ళకే ప్లగ్గు చూసి అది పోయిందో లేదో చెప్పేది.

"ఒలే గుంటా, నీకు జడపిన్నులు కొనే కన్నా స్పానర్లు కొనడం మేలే" అని మా తమ్ముడు ఏడిపించేవాడు.

"కొను మావా, పద్నాలుగు నంబరుది లేదు మనకాడ" అనేది అది.

బస్సులో నాకు కాళ్ళు ఒక చోట నిలవలేదు. కండక్టరు ఆడవాళ్ళకిచ్చే జీరో టిక్కెట్టు ఇస్తే దాని మీద ఉన్నదంతా చదివాను. మా అమ్మాయి కిటికీ వైపు కూర్చుని పెదాలు కదుపుతూ ఇంజిను భాగాల పేర్లు చెప్పుకుంటోంది.

"అమా, అక్కడ నువ్వేటీ మాటాడకు. నాను మాటాడతాను."

"నానేటి మాటాడతానే. సంతకం పెట్టడానికే కదా నన్ను తెస్తన్నావు."

నిజమే. దానికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లో తండ్రో సంతకం పెట్టాలని గోడ మీది కాగితంలోనే రాసుంది. వేలిముద్ర కాకుండా ఒక ఆఫీసు కాగితం మీద నేను సంతకం పెట్టడం అదే మొదలు. వారం రోజులు పాత క్యాలెండరు వెనక రాసి రాసి చూసుకున్నాను.

కాలేజీ గేటు దాటగానే ఊరి తీర్థంలా జనమే జనం. బొబ్బిలి నించీ, పార్వతీపురం వైపు నించీ కూడా పిల్లలొచ్చారు. హాల్లోనూ వరండాలోనూ వరసగా బల్లలు. ఒకచోట కరెంటు మీటర్లు, ఒకచోట మందుల డబ్బాలు, చివరన పడవ ఇంజిను ఒకటి ఇనప స్టాండుకి బిగించి. దాన్ని చూడగానే మా పిల్ల నా మోచెయ్యి గిల్లింది.

"టోకెను తీసుకుని, ఆధార్ జిరాక్సు తీయించి వస్తాను. ఈ ఫైలు పట్టుకుని ఇక్కడే కూకో. కదలకు."

ఫైల్లో దాని పదో తరగతి మార్కుల కాగితం, ఐటిఐ సర్టిఫికెట్టు ఉన్నాయి. ఒరిజినల్స్. నేను గేటు వైపు వరండాలో ఉన్న మొదటి బల్లకెదురుగా కుర్చీలో కూర్చున్నాను. బల్ల వెనకాల ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన నన్ను చూసి, "రండమ్మా, ముందుకి రండి. అమ్మాయి కోసమా?" అన్నాడు.

ఊళ్ళలో గుమ్మం గుమ్మం ముందు నిలబడి "చేపలమ్మా" అని నేను పిలవడమే గానీ, నన్ను కూర్చోమని పిలిచిన బేరం ఎప్పుడూ లేదు. వెళ్ళి కూర్చున్నాను. ఆయనది రెడీమేడ్ బట్టలు కుట్టే కంపెనీ. మిషను మీద పని నేర్పుతారట. హాస్టలుంది, బస్సుంది, ఆడపిల్లలకి భయం లేదు అని చక్కగా చెప్పాడు. ఫైలు చూసి మార్కులు బాగున్నాయన్నాడు. ఒక కాగితం నా ముందు పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టండమ్మా, మీ అమ్మాయికి సీటు ఖాయం" అన్నాడు.

చేపలమ్మే వాళ్ళకి తప్ప నేను చేసింది ఇంకెవరికీ అర్థం కాదు. మా వ్యాపారంలో పొద్దున్న మొదట వచ్చిన బేరాన్ని కాదనం. తక్కువకడిగినా ఇచ్చేసి, ఆ డబ్బు కళ్ళకద్దుకుంటాం. బోణీ వెనక్కి పంపితే ఆ రోజంతా గంప ఖాళీ అవదని మా నమ్మకం. ఆ రోజు నేను ఏమీ అమ్మకుండా ఇంట్లోంచి బయల్దేరానా, నా బుద్ధి ఇంకా బోణీ కోసమే చూస్తోంది. మొదటి బల్ల, మొదటి మాట, అదీ మర్యాదగా. కాదంటే చివరి బల్ల దగ్గర ఇంజిను సీటు కూడా చెడిపోతుందనిపించింది. దానికితోడు పెన్ను చేతిలో ఉంది. నా పేరు పొల్లుపోకుండా, గీత దాటకుండా రాశాను. ఎంత బాగా కుదిరిందో చూసుకుని మురిసిపోయాను. ఆయన ఆ కాగితాన్నీ, ఫైల్లోని సర్టిఫికెట్లనీ కలిపి పిన్ను కొట్టి, కట్టలో పెట్టేశాడు.

టోకెన్ల వరస దాటుకుని, మధ్యాహ్నం రెండు కావస్తుండగా మా అమ్మాయి టోకెను ఊపుకుంటూ వచ్చింది. "ఇంజిన్ల కాడ రెండే సీట్లంటమా. బేగి రా, మన నంబరు పిలస్తన్నారు" అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నేను సంతకం సంగతి చెప్పబోయాను గానీ, అది వినే వేగంలో లేదు.

ఇంజిను బల్ల ఆయన గోళ్ళలో గ్రీజు నలుపు ఇంకా ఉంది. వర్క్‌షాపు శ్రీకాకుళం ఊరి చివరేనట. ఆయన మాటలేమీ అడగడం లేదు. "ఇది స్టార్టవదు. ఎందుకో చెప్పు" అని ఇంజిను చూపిస్తున్నాడు. మా ముందు ఇద్దరు కుర్రాళ్ళు తాడు లాగి లాగి చెమటలు పట్టించుకున్నారు. ఒకడు ప్లగ్గు విప్పి తుడిచాడు, ఇంకొకడు పెట్రోలు పైపు పీకి చూశాడు. మా పిల్ల తాడు ముట్టుకోలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, ముందు భాగంలో ఎర్ర బటను దగ్గర వంగి చూసి నవ్వింది.

"ఇక్కడుండాల్సిన క్లిప్పు మీ జేబులో ఉన్నాదేటండీ?"

ఆ క్లిప్పు లేకపోతే ఇంజిను అంటుకోదు. మనిషి నీళ్ళలో పడిపోతే ఇంజిను ఆగిపోవడానికి దాన్ని తాడుతో నడుముకి కట్టుకుంటారు. మా ఒడ్డున అది పారేసుకోని బోటు లేదు. ఆయన జేబులోంచి ఎర్ర తాడు తీసి దాని చేతిలో పెట్టాడు. అది తగిలించి ఒక్క లాగు లాగింది. ఇంజిను గట్టిగా అరిచింది. హాల్లో అందరూ తిరిగి చూశారు. నాకైతే అక్కడే కేక వెయ్యాలనిపించింది.

"ఒరిజినల్స్ ఇవ్వమ్మా. ఒక సీటు ఇందాకే అయిపోయింది, ఇంకొకటే ఉంది. మూడింటికి నేను లిస్టు ఇచ్చెయ్యాలి. ఇంకెక్కడా ఒప్పుకోలేదు కదా? ఒకచోట ఒప్పుకుంటే మేము తీసుకోవడానికి లేదు" అన్నాడాయన.

మా అమ్మాయి నా వైపు చెయ్యి చాచింది. నా చేతిలో ఖాళీ ఫైలుంది.

"ఏటి అమా, కాగితాలేవి?"

"మొదటి బల్లకాడ ఇచ్చేనే. సంతకం పెట్టేను."

"ఏటి కంపెనీ అది?"

"బట్టలు కుడతారంట."

దాని మొహం ఎర్రబడింది. అరవలేదు. "నాను కుట్టుమిషను మీద కూకుంటానేటి అమా? మన రైకలు కూడా నువ్వే కుట్టుకుంటావు కదా" అంది. అరిచినా బాగుండేది. హాల్లో గడియారం రెండుంబావు చూపిస్తోంది. ఆ పిల్ల ఐదేళ్ళ ఆశ నేను పెట్టిన ఒక్క సంతకం కింద చిక్కుకుపోయింది.

మొదటి బల్ల దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ పెద్ద వరసుంది. పక్కనించి వెళ్ళి కాగితాలు వెనక్కి ఇమ్మన్నాను.

"అదేంటమ్మా, మీరే కదా సంతకం పెట్టారు" అన్నాడాయన.

"పెట్టేనండి. సదవకుండా పెట్టేను."

ఆ మాట అంటుంటే నాకు సిగ్గేసింది. చదువు రాని రోజుల్లో ఎవరో చెప్పిన చోట వేలు ముద్దరేసేదాన్ని. చదువొచ్చాక కూడా అదే పని చేశాను. కాకపోతే అందంగా చేశాను.

"ఆ కాయితం ఒక్కసారి ఇయ్యండి. సదివి ఇచ్చేస్తాను" అన్నాను. ఆయన విసుక్కుంటూనే కట్టలోంచి తీసి ఇచ్చాడు. బల్ల మీద పెట్టి, వేలు పెట్టి మొదటి మాట నించి మొదలుపెట్టాను. నాది నెమ్మది చదువు. పెద్ద పెద్ద ఆఫీసు మాటలు. వెనకాల పిల్లలు గొణుగుతున్నారు.

"మామ్మా, బేగి కానీ. బస్సెళ్ళిపోతాది."

"మామ్మేటిరా, పిన్నిని. నిలబడు" అన్నాను తల ఎత్తకుండా. వరసలో నవ్వులు. మా అమ్మాయి నా భుజం మీద నించి చూస్తోంది గానీ తొందర పెట్టలేదు. చదివి చెప్పబోతే వద్దన్నాను. తప్పు నాది, చదవడమూ నేనే చదవాలి.

కాగితం అడుగుదాకా వచ్చాను. నా సంతకం పైన "తల్లి లేదా తండ్రి" అని ఉంది. దాని పక్కనే "అభ్యర్థి" అని ఇంకో గీత, ఖాళీగా. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం. దాన్ని పైకే చదివాను. అభ్యర్థి స్వయంగా చదివి సంతకం చేసిన తరువాతనే ఈ అంగీకారం అమలులోకి వస్తుంది.

"అభ్యర్థంటే ఇదే కదండీ" అని మా అమ్మాయిని చూపించాను. "ఇది సదవలేదు, సంతకం పెట్టలేదు. నా ఒక్కర్తి సంతకంతో ఇది అవదని మీ కాయితమే సెప్తన్నాది."

ఆయన కాగితం తీసుకుని తను కూడా చదివాడు. తరవాత పిన్ను ఊడదీస్తూ, "నేనూ చూసుకోలేదమ్మా. మీ పిల్లని చూడకుండా తీసుకోకూడదు నిజానికి" అన్నాడు. సర్టిఫికెట్లు నా చేతికిచ్చాడు.

తీసుకున్నాను గానీ కాలు కదల్లేదు. "బాబూ, ఏటీ అనుకోకు. మొదటి బేరం కాదంటన్నాను. నీకు బోణీ సెడగొట్టేనేటో" అన్నాను.

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టిగా నవ్వాడు. "మా బోణీ తొమ్మిదింటికే అయిపోయిందమ్మా. మీ వెనకాల ఈ వరస చూడలేదా? వెళ్ళండి, టైమవుతోంది."

వరండా పొడవునా పరిగెత్తాం. నా వయసులో, ఆ చీరతో. ఇంజిను బల్ల ఆయన పెన్ను మూత పెట్టబోతున్నాడు. మా అమ్మాయి కాగితాలు పెట్టి, ఆయాసంలోనే జరిగింది దాచకుండా చెప్పేసింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఈ కాగితం చదివే సంతకం పెడతారా?" అన్నాడు.

"సదివే పెడతానండి."

"చదవండి. మూడింటికి ఇంకా పది నిమిషాలుంది."

ఇది రెండు పేజీలు. పని గంటలు, సెలవులు, ఏడాది తరవాత పరీక్ష, పాసైతే దేశంలో ఎక్కడైనా చెల్లే సర్టిఫికెట్టు. ఒక్కొక్క వరస చదువుతుంటే నాకే ఉద్యోగం వచ్చినంత సంబరం. "రక్షణ పరికరాలు" అన్న మాట దగ్గర ఆగి ఏమిటవని అడిగాను. చేతి తొడుగులు, కళ్ళద్దాలు, బూట్లు అన్నాడు. ఈసారి ముందు మా అమ్మాయి చదివి సంతకం పెట్టింది. దాని పక్కన నేను పెట్టాను. కంగారులో గీత దాటింది. మా ముందు ప్లగ్గు తుడిచిన కుర్రాడు వచ్చి, "క్లిప్పు సంగతి నాకెలగ తట్టలేదే" అని దాన్ని అడిగి, ఇంజిను దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసుకున్నాడు.

"బూటు నంబరెంత?" అని అడిగాడాయన.

దానికి తెలీదు. పుట్టిన దగ్గర నించీ చెప్పులే. నాకూ తెలీదు. ఆయన ఒక తెల్ల కాగితం నేల మీద పరిచి, దాని మీద నిలబడమన్నాడు. వంగి, పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. చక్కిలిగింత పుట్టి మా పిల్ల నా భుజం పట్టుకుని నవ్వు ఆపుకుంది.

"సోమవారం ఎనిమిదికల్లా రావాలి. బూట్లు వర్క్‌షాపులో ఉంటాయి" అన్నాడు. "కళింగపట్నం నించి రోజూ రాగలవా?"

"ఏడున్నరకే గేటుకాడ ఉంటానండి" అంది అది, బస్సు వేళలు తెలిసినట్టే.

తెలియవు. ఇద్దరం తిన్నగా బస్టాండుకెళ్ళి, పొద్దున్న మా వైపు నించి బయల్దేరే మొదటి బస్సెప్పుడని కిటికీలో అడిగాం.