కార్డుకు విసనకర్ర

నిన్న మా బామ్మర్ది స్టూడియోకు కొత్త కంప్యూటర్ తెచ్చాడు. ఒక పక్కంతా అద్దం, లోపల రంగురంగుల దీపాలు, గిరగిర తిరిగే ఫ్యాన్లు. పెళ్లి ఊరేగింపులో బరాత్ బండి అనుకోండి. "ఎంత ఉరికించినా గరం కాదు బావా, రాసిస్త" అన్నాడు. నేను మాత్రం పిల్లలకు జ్వరం చూసినట్టు దాని వెనక అరచెయ్యి పెట్టి చూశాను. వాడు పకపకా నవ్వాడు. నవ్వడా మరి! వాడి పుణ్యమా అని ఒక మే నెలలో నా పై ప్రాణాలు పైనే పోయిన సంగతి వాడు మరిచిపోయాడు గానీ, నేను ఎలా మరిచిపోతాను?

నారాయణఖేడ్ బస్టాండుకు దగ్గర్లోనే మా స్టూడియో. పెళ్లిళ్లు తీయడం నా పని. తీసినదాన్ని కోసి, అతికించి, పాటలు వేసే మిక్సింగ్ మా బామ్మర్ది పని. ఆ పనిలో బరువంతా మోసేది కంప్యూటర్లో ఉండే గ్రాఫిక్స్ కార్డు. కంపెనీవాడు దానికి ఒక వేగం పెట్టి పంపుతాడు. మావాడికి ఆ వేగం ఎన్నడూ నచ్చలేదు. ఫోన్లో ఏవేవో వీడియోలు చూసి, ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తెరమీద ఒక గీతను ముందుకు జరిపి కార్డును దాని శక్తికి మించి ఉరికించేవాడు. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని నాకు పాఠం కూడా చెప్పాడు. పని జల్దీ అవుతుంది, కాదనను. కానీ కార్డు కుతకుతలాడిపోతుంది. చలికాలమంతా వాడి ఆట చెల్లింది. మే నెల వేరు. పైన రేకులు, బయట బస్సులు లేపే దుమ్ము, ఫ్యాను వేస్తే మొహానికి కొట్టే సెగ. మనుషులే మాడిపోతుంటే కార్డు ఎంతసేపు ఆగుతుంది?

ఆ నెలలోనే మా వెనక గల్లీలో ఉండే భాయి తన కూతురి షాదీ చేశాడు. గల్ఫ్‌లో డ్రైవరు, ఆ షాదీ కోసమే సెలవు మీద వచ్చాడు. వాళ్లలో పిల్ల తండ్రి పెద్దరికంగా కూర్చోవడం ఉండదు. వచ్చినవాళ్లలో ఒక్కరు తినకుండా తిరిగిపోయినా పరువు పోయినట్టే. అందుకని ఆయన పొద్దుటి నుంచీ బిర్యానీ వండే పెద్ద పెద్ద దేగ్‌ల దగ్గరే నిలబడ్డాడు. నిఖా చదివేటప్పుడు చేతులు తుడుచుకుని వచ్చి, అది కాగానే మళ్లీ అక్కడికే పోయాడు. ఇక రుఖ్సత్, అంటే మన అప్పగింతల వేళకు మనిషి మాయం. దేగ్‌ల వెనక నిలబడి ఏడుస్తున్నాడని తర్వాత వంటవాళ్లు చెప్పారు. ఇంకా సెలవు ఉండగానే కంపెనీవాళ్లు పిలిచేసరికి, టికెట్ పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు. "భాయ్, నేను నా బిడ్డ షాదీ సూడలే. ఆమె అత్తగారింటికి ఎట్ల పోయిందో నాకు ఎరుక లేదు. ఫోన్ల ఏసియ్యి, ఆడ గదే సూస్కుంట ఉంట" అన్నాడు. నేను మాట ఇచ్చేశాను.

బయల్దేరే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం హైదరాబాద్ బస్సు, అక్కణ్నుంచి విమానం. బామ్మర్ది పొద్దున్నే ఆ వేగం గీతను బాగా ముందుకు జరిపి పని మొదలుపెట్టాడు. పని ఎంతయిందో చూపించే పచ్చ గీత తెరమీద చకచకా పాకింది. మేమిద్దరం చాయ్ తాగుతూ మురిసిపోయాం. సగం దాటిందో లేదో తెర నల్లబడింది. కార్డు వేడెక్కి చేతులెత్తేసింది. మళ్లీ మొదటికి! రెండోసారీ అంతే. అప్పటికి భాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచీతో సహా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "అయిందా భాయ్?" అని అడిగితే నేను గోడ గడియారం వైపు చూశాను.

"పరేషాన్ కాకు బావా, కూలర్ పెడుదాం" అన్నాడు మా మేధావి. మా వైపు ఎండాకాలం ఏ బాధకైనా అదే మందు. కంప్యూటర్ డబ్బా పక్క రేకు ఊడదీశాడు. నీళ్ల కూలర్‌ను సరిగ్గా కార్డుకు ఎదురుగా నిలబెట్టి, తొట్టిలో ఐసు గడ్డలు కూడా వేశాడు. వేడి చూపించే అంకె టకటకా కిందికి దిగింది. "సూశినవా!" అని వాడు నా వీపు మీద చరిచాడు. నేనూ ఎగిరి గంతేసేవాణ్నే. ఇంతలో బల్లమీది ఆల్బం అట్ట మీద చెయ్యి పెడితే తడి తగిలింది. కూలర్ గడ్డిలోంచి గాలితో పాటు నీటి తుంపర కూడా వస్తోంది! "బంద్ చెయ్‌రా!" అని అరిచి, కరెంటు మొత్తం ఆపేశాను. వంగి చూస్తే కార్డు మీద సన్నని నీటి చుక్కలు. బామ్మర్ది మొహంలో నెత్తురు చుక్క లేదు. బట్టతో ఒత్తి ఒత్తి తుడుస్తున్నాడు. భాయి లేచి వచ్చి, దవాఖాన గుమ్మంలో అడిగినట్టు మెల్లగా అడిగాడు: "బతుకుతదా?"

ఆరబెట్టి, దేవుడికి దండం పెట్టి స్విచ్ వేస్తే బతికింది. నాకు అంతసేపూ ఉగ్గబట్టుకున్న కోపం అప్పుడు తన్నుకొచ్చింది. "ఇగ ఉరికించినవంటే నిన్నే ఉరికిస్త! నిఖా వద్దు, పాటలు వద్దు. రుఖ్సత్ ఒక్కటే ఎయ్యి. దాని నడక దాన్ని నడ్వనియ్" అన్నాను. వాడు వేగం గీతను కంపెనీ పెట్టిన వేగం కంటే కూడా వెనక్కి జరిపాడు. పచ్చ గీత నత్తలా కదిలింది. భాయి షాపులోని ప్లాస్టిక్ విసనకర్ర అందుకుని, కార్డు ముందు కూర్చుని విసరసాగాడు. చెయ్యి ఆపితే అంకె పెరుగుతోంది, విసిరితే ఆగుతోంది. ఆయన చెయ్యి మార్చి చెయ్యి విసురుతున్నాడు.

అంతలో నాకు అన్నం తెచ్చిన మా ఇంటావిడ గడపలోనే ఆగిపోయింది. "ఏంది అన్నా! నిన్ను సాగదోల్తందుకు నీ బిడ్డ అత్తగారింటి నుంచి వచ్చి ఇంట్ల కూసున్నది. నువ్వు ఈడ డబ్బకు గాలి విసురుతున్నవా? పిల్లను ఇడిసి పిల్ల బొమ్మ కోసం కూసున్నవా?" అని కడిగేసింది. భాయి చెయ్యి ఆగింది. అంకె పెరగగానే మళ్లీ విసిరాడు. "అయిపోతది భాభీ, ఒక్క నిమిషం" అన్నాడు. ఆవిడ టిఫిన్ డబ్బా నా ఒళ్లో పడేసి, విసవిసా వెనక గల్లీలోకి పోయి ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల తండ్రి పక్కన కూర్చుని, ఆయన చేతిలోని విసనకర్ర తీసుకుని తను విసరడం మొదలుపెట్టింది. ఆయన ఖాళీ చేతులు ఏం చేయాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కాసేపటికి తిన్నావా అని ఆయన అడిగాడు. మీ మందుల చీటీ పెట్టుకున్నారా అని ఆ పిల్ల అడిగింది. బస్సు స్టాండులోకి వచ్చి హారన్ కొట్టింది.

ఎట్టకేలకు అయింది. బామ్మర్ది సరిచూద్దామని తెరమీద ఆడించాడు. కారు తలుపు తెరిచారు. పెళ్లికూతురు ఒక కాలు లోపల పెట్టి ఆగింది. ముసుగు కొంచెం ఎత్తి వెనక్కి చూసింది. ఇటు చూసింది, అటు చూసింది. ఆడవాళ్లు లోపలికి నెడుతున్నా మళ్లీ తిరిగి చూసింది. ఎవరి కోసం చూస్తున్నావమ్మా అని భాయి ఉర్దూలో అడిగాడు. ఆ పిల్ల తెర వైపే చూస్తూ "మీ కోసమే అబ్బాజాన్" అంది. ఆయన ఈసారి ఎక్కడికీ పోలేదు. మా అందరి ముందే బిడ్డ భుజం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఆగలేదు. మా ఇంటావిడ పోయి కండక్టర్‌ను బతిమాలి బస్సు ఆపింది. ఆలోగా బామ్మర్ది వీడియోను ఆయన ఫోన్లోకి ఎక్కించాడు. సంచీ ఆ పిల్లే పట్టుకుంది.

గల్ఫ్ చేరాక ఆయన ఫోన్ చేశాడు. "భాయ్, గా వీడియో ఇంక తెరవలే. తెరుస్తే నా బిడ్డ మల్ల ఎన్కకు సూస్తది, నేను మల్ల ఉండ" అన్నాడు. పెళ్లిళ్లు తీసి తీసి నా తల నెరిసింది, గడిచిపోయిన ఘడియను ఎన్నిసార్లయినా తిప్పి చూపించగలను, అందులో లేని మనిషిని మాత్రం తెచ్చి నిలబెట్టలేను. ఆ మధ్యాహ్నం కార్డు మెల్లగా నడిచిన ఆ కాసేపట్లో మాత్రం ఆయన తన బిడ్డ పక్కనే ఉన్నాడు.