నా నోరు కట్టేసిన ఎండాకాలం

మొన్న ఆదివారం మా ఇంట్లో మిక్సీ కాలిపోయింది. చర్చికి బయలుదేరే తొందరలో కోడలు మనవరాలికి పండ్ల స్మూదీ చేసిపెట్టబోతే, గిర్రున తిరిగినంతసేపు తిరిగి, కమురు వాసన కొట్టి ఆగిపోయింది. పాప మారాం చేస్తుంటే, మిక్సీ లేకుండా ఎట్లా చేయాలో ఎవరో చూపించే వీడియో ఫోన్లో పెట్టుకుని, కోడలు ఫోర్కుతో అరటిపండు మెదపడం మొదలుపెట్టింది. పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్న నాకు, ఎప్పుడో ముప్పై ఏళ్ళ కింద అతికిన కుడి దవడ మెల్లగా సలిపినట్టయింది.

భివండీలోని మా పద్మనగర్‌లో మగ్గాల మధ్య పెరిగిన నా ఈడువాళ్ళకు షటిల్ దెబ్బ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పవర్‌లూమ్ మీద అడ్డపోగును మోసుకుని ఇటునుంచి అటు పరుగెత్తే కొయ్య షటిల్ ఒక్కోసారి దారి తప్పి బయటికి ఎగిరి వస్తుంది. రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. తొంభైల నడుమ ఒక ఎండాకాలం, నాగావ్‌లో మేము బాపు అని పిలిచే నాన్నా, నేనూ కూలికి నేసే కార్ఖానాలో, ఎదుటి మగ్గం నుంచి అట్లా ఎగిరిన షటిల్ వచ్చి నా దవడకు తగిలింది. ఎవరి తప్పూ కాదది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు నిండలేదు.

ఆసుపత్రిలో పై పళ్ళకూ కింది పళ్ళకూ కలిపి సన్నటి తీగలు చుట్టి, నోరు మూతబెట్టి కట్టేశారు. నెలన్నర వరకు నమలకూడదు, మాట్లాడకూడదు. దెబ్బకు పక్కన రెండు పళ్ళు ఊడిపోయాయి గనుక ఆ సందులోంచి పలచటివి ఏవైనా పోయవచ్చన్నాడు డాక్టరు. అదీ ఒక అదృష్టమేనని చర్చివాళ్ళు ప్రార్థనలో దేవునికి వందనాలు కూడా చెప్పారు.

అవ్వ, అంటే మా అమ్మ, అప్పుడు ఇంట్లో లేదు. అక్కకు తొలి కాన్పు చేయడానికి ఊరికి పోయింది. నా సంగతి తెలిస్తే అక్కడ అక్క బెదురుతుందని బాపు కబురే పంపలేదు. దాంతో ఆ ఒంటి గది ఖోలీలో నేనూ బాపూ మిగిలాం. బాపు మాటలు మా ఇంట్లో అందరికీ తెలిసినవే: లే, తిను, నడువు. అంతకు మించి ఆయన నాతో మాట్లాడిన గుర్తు లేదు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. పాళీ, అదే షిఫ్టు, దిగి రావడం, తలలోని దూది దులుపుకోవడం, గోడ వైపు తిరిగి పడుకోవడం, అంతే. ఆయన ఉన్నప్పుడు ఇంట్లో మేమంతా మెల్లగా నడిచేవాళ్ళం.

చూడడానికి వచ్చిన ప్రతివాళ్ళూ పండ్లు తెచ్చారు. అరటిపండ్లు, చీకూలనే సపోటాలు, బొప్పాయి, ఒకరైతే ఆపిల్ పండ్లు కూడా. అన్నీ మూలన పేరుకున్నాయి. నేను గంజి తాగి తాగి వాడిపోయి, ఆ పండ్ల వాసన పీలుస్తూ పడుకునేవాణ్ణి. మూడో నాడో నాలుగో నాడో బాపు వాటి ముందు గొంతుక్కూర్చుని, కాసేపు వాటినీ, కాసేపు నన్నూ చూశాడు.

"గిన్ని పండ్లు పెట్టుకొని ఆకలితోని సస్తవా ఏంది?" అన్నాడు.

వరుస గదుల మా చాళ్ళో అప్పటికి ఎవరికీ మిక్సీ లేదు. బాపు అరటిపండు ఒలిచి గిన్నెలో వేసి, పప్పుగుత్తిని రెండు అరచేతుల మధ్య పెట్టి, చల్ల చిలికినట్టు తిప్పాడు. పాలు పోశాడు. పక్కింటి నుంచి చంటిపిల్లల ఉగ్గుగిన్నె అడిగి తెచ్చి నా పళ్ళ సందులోకి వంచాడు. నారలు అడ్డం పడి లోపలికి ఒక్క చుక్క దిగలేదు. చాయ జాలిలో వడకట్టబోతే జాలి మూసుకుపోయింది. మరునాడు కార్ఖానా నుంచి మల్‌మల్ ముక్క తెచ్చి అందులో వేసి పిండాడు. ఈసారి దిగింది కానీ, కొత్త గుడ్డకుండే గంజీ, మగ్గం నూనే కలిసిన వాసనకు డోకొచ్చి, కక్కడానికి నోరు తెరుచుకోక నేను నానా యాతన పడ్డాను. బాపు ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రం స్టవ్వు మీద ఆ గుడ్డను ఉడకబెట్టి, పిండి, మళ్ళీ ఉడకబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మళ్ళీ ఉడకబెట్టాడు.

ఆ తరువాత ఆయన చేయి తిరిగింది. చీకూను గింజలు తీసి చెంచాతో గీకి, పాలతో కలిపి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పోసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల గడ్డలున్నాయో లేదో చప్పుడును బట్టి చెప్పేవాడు. బొప్పాయిలో పాలు వద్దని బెల్లం నీళ్ళు పోసేవాడు. మామిడి రాగానే పని తేలికైంది. పండును వేళ్ళతో అంతటా మెత్తగా నొక్కి, తొడిమ దగ్గర తెరిచి గుడ్డలోకి పిండడమే. ఆపిల్ పండ్లు మాత్రం ఆయన పప్పుగుత్తికి లొంగలేదు. వాటిని చాళ్ళో పిల్లలకు పంచిపెట్టాడు.

పండు మెదుపుతూ మెదుపుతూనే ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు. మొదట నాతో కాదేమో అనుకున్నాను. మామిడిపండు నొక్కుతూ, గిన్నెలోకే చూస్తూ అన్నాడు:

"చిన్నప్పుడు దొర తోటకు కావలుంటి. రాలిన కాయ గూడ ముట్టొద్దు. వాసన సూస్కుంటనే పండుకునేది."

నేను కళ్ళు పెద్దవి చేసి చూశాను. అంతకన్నా ఏం చేయగలను? మాట్లాడబోతే తీగలు చిగుళ్ళను కోసేవి. ఆ చూపే చాలన్నట్టు ఆయన సాగించాడు. ప్రతి సాయంత్రం ఒక పండు, దాంతోపాటు ఏదో ఒక ముచ్చట. తాత జీతానికి ఉన్న ఇంటి గురించి చెప్పాడు. పెండ్లిలో అవ్వ సిగ్గుపడి పందిట్లోంచి ఇంట్లోకి పరుగెత్తిన సంగతి చెప్పి, నవ్వాడు కూడా. బాపు నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడుతుందని నాకు అప్పుడే తెలిసింది. పక్క గోడ అవతల కార్ఖానా మగ్గాలు దడదడ కొడుతుంటే, ఆ మోత మీదుగా గట్టిగా చెప్పేవాడు. ఒక్కటి మాత్రం గమనించాను. కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారి ఆగితే, తన గొంతు తనకే కొత్తగా వినబడేదేమో, ఆయన కూడా ఆగిపోయేవాడు.

నా బరువు సగమైంది గానీ, నిజం చెప్పాలంటే ఆ నెలన్నర తొందరగా గడవాలని నేను కోరుకోలేదు. సాయంత్రం గడపలో ఆయన చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించేవాణ్ణి. అడగవలసినవన్నీ మనసులో వరుసగా పెట్టుకున్నాను. నోరు వచ్చాక ఒక్కొక్కటే అడుగుదామనుకున్నాను.

తీగలు విప్పే ముందు రోజు సాయంత్రం బాపు అరటిపండు మెదుపుతున్నాడు. భివండీకి ఎట్లా వచ్చాడో చెబుతున్నాడు. ఉన్నట్టుండి చేయి నెమ్మదించింది.

"రైలు నేనొక్కన్నే ఎక్కలే. నీకొక చిన్నాయన ఉండె. నా ఎనుకటోడు. కళ్యాణ్ల దిగినంక వాణ్ణి సామాను కాడ కూసోవెట్టి, నేను నీళ్ళకు పోయిన..."

కరెంటు పోయింది. పద్మనగర్ మొత్తం ఒక్కసారి మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో బాపు నా వైపు చూశాడు, మళ్ళీ గిన్నె వైపు చూశాడు. నేను చేయి చాచి ఆయన మోకాలు తట్టాను, చెప్పమన్నట్టు.

"తాగు బిడ్డా, నల్లవడ్తది," అని ఉగ్గుగిన్నె అందుకున్నాడు.

మరునాడు తీగలు విప్పారు. తుప్పుపట్టిన తలుపులా ఉంది నోరు. వచ్చేటప్పుడు రిక్షాలో నా మొట్టమొదటి మాట అదే. "బాపూ, చిన్నాయన ఏమైండు?"

ఆయన రోడ్డు వైపు చూస్తూ, "ఏం లేదు తియ్యి. ముందుగాల అన్నం తిను," అన్నాడు.

అంతే. ఆ రోజునుంచి మళ్ళీ పాత బాపే. లే, తిను, నడువు. నన్ను మాత్రం మళ్ళీ మగ్గం మీదికి పోనివ్వలేదు. తెలిసినవాళ్ళను బతిమాలి మాన్కోలి గోదాముల్లో పనికి పెట్టించాడు. ఊరి నుంచి వచ్చిన అవ్వను అడిగితే, నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది. "తమ్ముడా? నాకొక్కనాడు చెప్పలే," అంది. తరువాత కూడా ఒకటి రెండుసార్లు కదిపి చూశాను. లేచి బయటికి పోయేవాడు.

కొన్నేళ్ళకు బాపుకు ఊపిరితిత్తులు చెడి, ముద్ద మింగలేని స్థితి వచ్చింది. అప్పటికి ఇంట్లో మిక్సీ ఉంది. అయినా నేను పప్పుగుత్తే తీసుకుని, ఆయన ఎదుట కూర్చుని, అరటిపండు మెదిపి గుడ్డలో పిండి ఇచ్చాను. కావాలనే ఒక్క మాట మాట్లాడలేదు. నోరు గట్టిగా మూసుకుని ఎదురుచూశాను. గోడ అవతల మగ్గాలు కూడా నడుస్తూనే ఉన్నాయి. ఆయన తాగి, పెదవులు తుడుచుకుని నన్ను చాలాసేపు చూశాడు.

"గుడ్డ మంచిగ ఉడకవెట్టినవా?" అన్నాడు.

అవునని తల ఊపాను. ఆయన కళ్ళు మూసుకుని నిద్రపోయాడు. ఆ వానాకాలం దాటలేదు.

ఇప్పుడు మా గోడ అవతల కార్ఖానా లేదు. దాన్ని పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. పనిమీద కళ్యాణ్ పోయినప్పుడు స్టేషన్ చూస్తే కొత్త వంతెనలు, మెరిసే బోర్డులు, నీళ్ళ కోసం ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేకుండా అడుగడుక్కూ దుకాణాలు. బాపు నీళ్ళకు పోయిన కుళాయి ఏ ప్లాట్‌ఫారం మీద ఉండేదో అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. ఉంటే ఎనభై దగ్గర పడి ఉంటాడు చిన్నాయన. ఆ ఈడు ముసలివాళ్ళు ఎవరైనా బెంచీ మీద కనబడితే నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందేమోనని చూస్తాను. పిలిచి చూద్దామంటే, బాపు ఆయన పేరు చెప్పనేలేదు.